పాత లాప్‌టాప్ అమ్మే ముందు: విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందా?

కారు నడుపుతూ వినేవాళ్లు మెనూ పేర్లు రాసుకోలేరు కదా, అందుకని ఈ ఎపిసోడ్‌లో చెప్పింది చెప్పినట్టు ఇక్కడ పెడుతున్నాను. మాట్లాడిన భాషలోనే ఉంటుంది, సర్దుకోండి.

మే, జూన్ వచ్చేసరికి ఇక్కడి మన తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ మూవింగ్ సేల్ పోస్టులతో నిండిపోతాయి. సోఫా, డైనింగ్ టేబులు, పిల్లల సైకిలు, ఇడ్లీ పిండి గ్రైండరు, వాటి మధ్యలో ఎక్కడో "లాప్‌టాప్, మంచి కండిషన్, 150 డాలర్లు". ఆగస్టులో ఎంఎస్ చదవడానికి దిగే పిల్లలు వాటిని కొనుక్కుంటారు. ఇద్దరికీ మంచిదే. కానీ సోఫా అమ్మితే సోఫా ఒక్కటే పోతుంది. లాప్‌టాప్‌తో ఏమేం పోతాయో ఒకసారి మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఏడెనిమిదేళ్ల ట్యాక్స్ రిటర్నులు ఉంటాయి. ఒక్క 1040 ఫారం చాలు, అందులో భార్యాభర్తలవీ పిల్లలవీ సోషల్ సెక్యూరిటీ నంబర్లు అన్నీ ఉంటాయి. హెచ్1బీ ఎక్స్‌టెన్షన్‌కి పంపిన పాస్‌పోర్టు స్కాన్లు, అమ్మానాన్నల విజిటర్ వీసా కోసం తీసిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆధార్, పాన్, ఊళ్లో స్థలం రిజిస్ట్రేషన్ కాగితాల ఫొటోలు. పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనైనా పడితే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు అలా మార్చుకునేది కాదు.

"రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశానండీ" అంటారు చాలామంది. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయమవుతుందా? ఫైల్ డిలీట్ చేసినప్పుడు జరిగేది అదే. ఫలానా ఫైలు ఫలానా చోట ఉంది అనే పద్దును కంప్యూటరు కొట్టేస్తుంది. అసలు సరుకు, దాని మీద ఇంకోటి వచ్చి పడేదాకా, హార్డ్ డిస్క్‌లో అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ కూడా పద్దుల పుస్తకాన్ని మార్చడమే. ఉచితంగా దొరికే రికవరీ ప్రోగ్రాములతో కాలేజీ కుర్రాడు కూడా వాటిని బయటికి లాగగలడు.

ఇదేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఎంఐటీలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో 158 హార్డ్ డిస్కులు కొని, లోపల ఏముందో చూసి, 2003లో ఆ వివరాలు అచ్చువేశారు. వాటిలో పనిచేసినవి 129. సరిగ్గా తుడిచినవి 12. మిగతావాటిలో 5,000కి పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. వాటిని అమ్మినవాళ్లలో చాలామంది "అంతా తీసేశాం" అనుకునే అమ్మి ఉంటారు.

సరే, విండోస్ మళ్లీ ఎక్కిస్తే? అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి పాత విండోస్ ఉన్న చోటే, ఫార్మాట్ చేయకుండా కొత్తది ఎక్కించారనుకోండి. అది పాతదాన్ని మొత్తం, మీ డాక్యుమెంట్లతో సహా, సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్లో మూట కట్టి పెడుతుంది. తెర మీద చూస్తే కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. సి డ్రైవ్ తెరిస్తే మీ ట్యాక్స్ రిటర్ను పేరుతో సహా కనిపిస్తుంది, రికవరీ ప్రోగ్రాము కూడా అక్కర్లేదు. ఇంతకుముందే అలా ఎక్కించి పక్కన పెట్టుకున్న లాప్‌టాప్ ఏదైనా ఉంటే అమ్మే ముందు ఆ ఫోల్డరు కోసం చూడండి. ఉంటే, డిలీట్ చేసి ఊరుకోకుండా కింద చెప్పే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టండి.

తుడిచే ముందు తీసుకోవలసినవి తీసుకోవాలి. ఈ పనికి ఒక పూర్తి ఆదివారం ఇవ్వండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫొటోలు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉంటాయి: బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్లు, అవుట్‌లుక్ పాత మెయిళ్ల ఫైలు, ఆ లాప్‌టాప్‌లోనే ఉన్న పాస్‌కీలు. కొత్త కంప్యూటర్లో అన్నిటికీ ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే పాతదాని జోలికి వెళ్లండి.

మన తెలుగువాళ్లకి ఇంకొకటి ఉంది: ఫాంట్లు. మా మావయ్యగారు ఇక్కడికొచ్చి ఆరు నెలలున్నప్పుడు మా పాత లాప్‌టాప్‌లో వాళ్ల ఊరి సంగతులు అరవై పేజీలు టైపు చేశారు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఇంటివాళ్లు ఎటు వలస వెళ్లారు, అలాంటివి. ఆయన డీటీపీ పని చేసిన మనిషి, అలవాటు కొద్దీ అను ఫాంట్లలోనే కొట్టారు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, ఏదీ తుడవకముందే కొత్త కంప్యూటర్లో తెరిచి చూపిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. "ఇదేంటి అల్లుడుగారూ, మా ఊరు దొరల భాషలోకి వెళ్లిపోయిందే" అన్నారు. కారణం ఏమిటంటే అవి యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఉంటేనే తెలుగు. పాతదాంట్లోంచి ఫాంట్లు తీసి కొత్తదాంట్లో పెట్టాం, పాతదాంట్లోనే పీడీఎఫ్ చేసి ఉంచాం, తర్వాత యూనికోడ్‌లోకి మార్చి ఆయనే కూర్చుని ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుకున్నారు. 2010కి ముందు టైపు చేసిన తెలుగు ఫైళ్లు మీ ఇంట్లో ఉంటే ఇలా వేరే కంప్యూటర్లో తెరిచి చూడకుండా లాప్‌టాప్ ఇవ్వకండి.

ఇక తుడవడం. ముందుగా మీ డిస్క్ ఏ రకమో తెలుసుకోండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కితే హెచ్‌డీడీ అనో ఎస్‌ఎస్‌డీ అనో ఉంటుంది.

తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే పని తేలిక. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ రీసెట్ పీసీ. విండోస్ 10లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. చాలామంది ఇక్కడే నెక్స్ట్ నొక్కేస్తారు. ఆగండి. అడిషనల్ సెట్టింగ్స్ తెరలో చేంజ్ సెట్టింగ్స్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాంట్లోకి వెళ్తే క్లీన్ డేటా అని ఒక స్విచ్ కనిపిస్తుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. డ్రైవ్‌లు రెండుంటే అన్ని డ్రైవ్‌ల ఫైళ్లూ తీసేయమనే స్విచ్ కూడా ఆన్ చేయండి. చార్జర్ పెట్టి పడుకోండి, గంటల పని. ప్రభుత్వ స్థాయి ప్రమాణాలకు ఇది సరిపోదని మైక్రోసాఫ్టే చెబుతుంది కానీ, మూవింగ్ సేల్‌కి సరిపోతుంది. ముప్పై అయిదు సార్లు తుడవాలని ఇంటర్నెట్లో చదివి భయపడేవాళ్లకి ఒక మాట: ఆ లెక్క పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఇప్పటి డిస్కులకి అదంతా అక్కర్లేదని తర్వాత ఆయనే రాశారు.

ఎస్‌ఎస్‌డీ కథ వేరు. అందులో చిప్పులు త్వరగా అరిగిపోకుండా డ్రైవే రాతల్ని అటూ ఇటూ సర్దుతుంటుంది. మీరు ఒకచోట సున్నాలు రాయమంటే అది ఇంకోచోట రాయవచ్చు, పాత ముక్క మీకు కనపడని మూల మిగలవచ్చు. శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో దీన్ని పరీక్షించి చూపించారు. అందుకని ఎస్‌ఎస్‌డీకి నేను చెప్పే పద్ధతి ముందు తాళం వేసి, తర్వాత తాళంచెవి పారేయడం. అంటే ఎన్‌క్రిప్షన్. విండోస్ హోమ్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ అనీ, ప్రో అయితే బిట్‌లాకర్ అనీ ఉంటుంది. చాలా లాప్‌టాప్‌లలో అది ముందే ఆన్ అయి ఉంటుంది. ఆన్‌లో ఉంటే రీసెట్‌తో ఆ తాళంచెవి పోతుంది, మిగిలిన ముక్కలు ఎవరికి దొరికినా అర్థం లేని అక్షరాలే. ఆఫ్‌లో ఉండి బిట్‌లాకర్ ఇప్పుడు ఆన్ చేస్తుంటే ఒక ప్రశ్న అడుగుతుంది: వాడిన చోటు మాత్రమేనా, డ్రైవ్ మొత్తమా? మొత్తం అనండి. "వాడిన చోటు" అంటే మీరు ఇదివరకు డిలీట్ చేసిన ఫైళ్లకి తాళం పడదు, మనకి కావలసింది సరిగ్గా వాటికే. అది పూర్తయ్యాక పైన చెప్పిన రీసెట్, క్లీన్ డేటాతోనే. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లో సెక్యూర్ ఎరేజ్ అని ఉంటుంది. ఉంటే అది ఇంకా మంచిది, కానీ ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించాలి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ సైట్లో మీడియా క్రియేషన్ టూల్. లైసెన్సు మళ్లీ కొనక్కర్లేదు, విండోస్ 8 తర్వాత వచ్చిన లాప్‌టాప్‌లలో కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

మ్యాక్ వాళ్లకి సుఖం. యాపిల్ చిప్ ఉన్నవాటిలో, టీ2 చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌లలో, 2021లో వచ్చిన మాంటెరీ నుంచి ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ ఉంది. అదొక్కటి చాలు. ఫైండ్ మై మాత్రం ఆఫ్ అయిందో లేదో చూసుకోండి, లేదంటే కొన్నవాళ్లకి తెరుచుకోదు.

రీసెట్ అయ్యాక దేశం ఎంచుకోమనే తెర వస్తుంది. అక్కడ పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. "ఒకసారి పనిచేస్తుందో లేదో చూద్దాం" అని మీ అకౌంటుతో లాగిన్ అయితే చేసిన పనంతా మళ్లీ మొదటికి. తర్వాత ఫోన్లోంచి మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్లి డివైసుల్లో ఆ లాప్‌టాప్ తీసేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లోనూ తీసేయండి.

లేఆఫ్ అప్పుడు కంపెనీవాళ్లు "ఉంచేసుకోండి" అన్న లాప్‌టాప్‌లు అమ్మేవాళ్లు ఇది వినండి. వాటిలో చాలావరకు కంపెనీ జాబితాలో నమోదై ఉంటాయి. మీరు ఎన్నిసార్లు విండోస్ ఎక్కించినా, నెట్ తగలగానే "ఫలానా కంపెనీకి స్వాగతం, ఆఫీస్ మెయిల్‌తో లాగిన్ అవ్వండి" అంటుంది. రీఇన్‌స్టాల్‌తో అది పోదు. ఐటీ వాళ్లు తమ వైపు నుంచి తీసేయాలి. ఉంచుకోవచ్చు అన్న మాటా, తీసేశాం అన్న మాటా రెండూ మెయిల్‌లో తీసుకోండి. లేకపోతే నష్టపోయేది మొదటి సెమిస్టర్ ఫీజు కట్టి మిగిలిన డబ్బుతో మీ దగ్గర కొన్న ఆ పిల్లవాడు.

ఆ పిల్లవాడికి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసరు నుంచే. అంతకన్నా పాతదాంట్లో అడ్డదారిన 11 ఎక్కించి "లేటెస్ట్ విండోస్" అని అమ్మేవాళ్లున్నారు, అది నాకు నచ్చదు. అలాంటి లాప్‌టాప్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. దానికన్నా లినక్స్ మింట్ వేసి, ఆ మాటే పోస్టులో రాసి, యాభై తగ్గించి ఇవ్వండి. బ్రౌజరు, క్లాసు నోట్సులకి హాయిగా నడుస్తుంది.

అసలు ఆన్ కాని లాప్‌టాప్ అయితే? పైన చెప్పినవేవీ దానికి పనికిరావు, కానీ లోపలి డిస్క్ మాత్రం బాగానే ఉండవచ్చు. చాలా మోడళ్లలో వెనక మూత నాలుగైదు స్క్రూలు తీస్తే డిస్క్ చేతికొస్తుంది. దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. పోస్టులో "పార్ట్స్ కోసం మాత్రమే, డిస్క్ లేదు" అని రాయండి. ఇరవై డాలర్లకైనా ఎవరో ఒకరు తీసుకెళ్తారు.