విపత్సహాయము - స్త్రీల అవసరములు



1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను మన తీరప్రాంత ప్రజలు మరువజాలరు. సుమారు పదివేల మంది అసువులు బాసిరి. అటుపిమ్మట సముద్రతీర గ్రామములలో తుపాను రక్షణ భవనములు వెలసినవి. భవనము లేచినది గనుక రక్షణ లభించినదని తలంచుట సహజము. కాని అర్ధరాత్రివేళ చంటిబిడ్డను చంకనిడుకొని ఒక తల్లి ఆ భవనమునకు నిస్సంకోచముగా రాగలదా? ఈ ప్రశ్నను నేడు మీతో కలసి విచారింపగోరుచున్నాము.

పొరుగుదేశమగు బంగ్లాదేశ్ అనుభవము ఇందుకు గుణపాఠము. 1991 ఏప్రిల్ 29వ తేదీ రాత్రి చిట్టగాంగు తీరమును తాకిన తుపానులో సుమారు 1,38,000 మంది మరణించిరి. 20 మొదలు 44 సంవత్సరముల వయస్సుగలవారిలో వేయింటికి పురుషులు 15 మందియు, స్త్రీలు 71 మందియు మరణించినట్లు లెక్క తేలినది. గాలికిని నీటికిని స్త్రీపురుష భేదము లేదు గదా! మరి ఇంతటి వ్యత్యాసమేల?

హెచ్చరిక బజారులోని మగవారికి అందినంత త్వరగా ఇంటిలోని ఆడవారికి అందలేదు. భర్త రానిదే గడప దాటుటకు పలువురు జంకిరి. పిల్లలను, వృద్ధులను, పశువులను విడిచి కదలలేకపోయిరి. నీటిలో చీర కాళ్ళకు చుట్టుకొనినది. ఇవిగాక, ఉన్న కొలది భవనములలో స్త్రీలకు ప్రత్యేకమగు గదిగాని మరుగుదొడ్డిగాని కొరవడినది. పరపురుషుల మధ్య రాత్రి గడపుటకంటె ఇంటనే ఉండుట మేలని తలంచినవారు కలరు.

పిదప అచ్చటివారు మేల్కొనిరి. క్రొత్త భవనములలో స్త్రీలకు వేరు గదులను, మరుగుదొడ్లను ఏర్పరచసాగిరి. ఇల్లిల్లు తిరిగి హెచ్చరించుటకు మహిళాసేవికలను చేర్చుకొనిరి. 2007 నవంబరులో వచ్చిన సిద్ర్ తుపాను ప్రచండమైనదే అయినను, మృతుల సంఖ్య సుమారు 3,400 మాత్రమే. ముందస్తు హెచ్చరికలు, సేవకుల కృషి, భవనములు అన్నియు కలసి ఈ ఫలితమును చేకూర్చినవి.

ప్రాణము దక్కిన పిమ్మట ఇల్లు కావలెను. 1993 సెప్టెంబరు 30వ తేదీ వేకువన మహారాష్ట్రలోని లాతూరు, నాటి ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపము సంభవించినది. మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలు, బరువైన మట్టికప్పులు నిద్రించువారిపై కూలినవి. ఇండ్లను బాగుచేయు పథకములో ప్రభుత్వమువారు, స్వయం శిక్షణ్ ప్రయోగ్ అను సంస్థ తోడ్పాటుతో, వెయ్యికి పైగా గ్రామములలో మహిళామండలులకు ‘సంవాద సహాయకుల’ బాధ్యతను అప్పగించిరి. ఎవరికి ఎంత సహాయధనము రావలెనో, గోడలను ఎట్లు బలపరుపవలెనో ఆ మహిళలు నేర్చుకొని ఇరుగుపొరుగువారికి నేర్పిరి. పని సరిగా జరుగుచున్నదో లేదో పరిశీలించిరి. కొందరు తాపీపనియు అభ్యసించిరి. ఇంటిలో పగలెల్ల మెలగునది స్త్రీయే. పొగ ఎటు పోవునో, గోడ ఎచ్చట చెమ్మగిల్లునో, నీటికై ఎంత దూరము నడువవలెనో ఆమెకు తెలిసినట్లు కాగితముపై పటము గీయువారికి తెలియదు.

ఇల్లు ఎవరి పేర నున్నదనునదియు ముఖ్యమే. 2004 సునామీ అనంతరము తమిళనాడు ప్రభుత్వము, కట్టియిచ్చు ఇండ్లను భార్యాభర్తల ఉమ్మడిపేర నమోదు చేయవలెనని నిర్ణయించినది. భర్త గతించినను, విడనాడినను ఆమెకు నిలువనీడ ఉండవలెనన్నచో ఇట్టి హక్కు అవసరము.

ప్రచారశాఖకు చెందిన మేము మైకులో హెచ్చరికను చాటి, మా పని ముగిసినదని తలంచుట కద్దు. ఆ మాట వంటయింటివరకు చేరినదా యని మేమును ప్రశ్నించుకొనవలసియున్నది.

కావున తుపాను ఋతువు రాకపూర్వమే మీ గ్రామసభలో ఈ విషయమును చర్చింపుడు. మహిళలను వెంటబెట్టుకొని రక్షణ భవనమునకు పొండు. స్త్రీల గది తలుపునకు లోపలి గడియ కలదా? మరుగుదొడ్డికి పోవు దారిలో దీపము వెలుగునా? త్రాగునీరు అందుబాటులో నున్నదా? బాలింతకు చాటైన చోటు, గర్భిణికిని వృద్ధురాలికిని ఎక్కదగిన మెట్లు, పశువులకు మెరకస్థలము ఉన్నవా? తాళపుచెవి ఎవరియొద్ద నుండునో ప్రతి ఇల్లాలికిని తెలియునా? సహాయము పంచు పట్టికలో వితంతువుల పేర్లును, ఒంటరి స్త్రీల పేర్లును చేరునా?

వీనిలో పెక్కింటికి పెద్ద వ్యయము అక్కరలేదు. ఒక గడియ, ఒక దీపము, ముందుగా అడిగిన ఒక మాట చాలును. తుపానును ఆపుట మన చేతిలో లేదు. ఆ రాత్రి తల్లి సంకోచింపక బిడ్డతో బయలుదేరునట్లు చేయుట మాత్రము మన చేతిలోనే యున్నది.