కోసి అతికిన స్టీరింగ్ షాఫ్టు

 

ఆటోమొబైల్ ఇంజనీర్ల స్నాతకోత్సవంలో స్టీరింగ్ షాఫ్టు గోలేమిటని విసుక్కోకండి. పెద్ద ఇంజన్ ఎక్కించిన జీపుతో రేపు ఒకడు మీ షెడ్డుకొస్తాడు. "అన్నా, షాఫ్టు అడ్డమొస్తోంది, కాస్త కోసి వెల్డింగ్ కొట్టెయ్" అంటాడు. ఆ 'కాస్త' గురించే నా ప్రసంగం.

1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో ఫార్ములా వన్ రేసర్ అయర్టన్ సెన్నా నడుపుతున్న విలియమ్స్ కారు గోడను ఢీకొంది. కాక్‌పిట్‌లో చోటు చాలదని అంతకుముందే దాని స్టీరింగ్ కాలమ్‌ను కోసి, నడుమ సన్నటి గొట్టం అతికారు. ప్రమాదం తర్వాత చూస్తే కాలమ్ విరిగి ఉంది. విరిగాక కారు అదుపు తప్పిందా, గుద్దుకున్నాక విరిగిందా? ఆ వాదన నేటికీ తెగలేదు. ఇటలీ అత్యున్నత న్యాయస్థానం మాత్రం 2007లో ఆ మార్పునే తప్పుపట్టింది. పాత గొట్టం వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు, కొత్తది 18. అవే కొలతల్లో గట్టి కడ్డీలు తీసుకుని లెక్క కట్టండి: మెలికను తట్టుకునే బలం వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక దాదాపు సగానికి పడిపోతుంది. నాలుగు మిల్లీమీటర్లకే! అదీ మేటి ఇంజనీర్లున్న జట్టులో.

ఇక మన జీపు. షాఫ్టును పక్కకు తిప్పాలంటే యూనివర్సల్ జాయింట్లు కావాలి. ఒక్క జాయింటును 30 డిగ్రీల వంపులో పెడితే, మీరు చక్రం సమంగా తిప్పినా అవతలి షాఫ్టు వేగం ఒకచోట 13 శాతం తగ్గి, మరోచోట 15 శాతం పెరుగుతుంది. రెండో జాయింటును అంతే వంపులో, యోకులు సరిచూసి బిగిస్తేనే ఆ తేడా పోతుంది. ప్రమాదంలో ముడుచుకుపోవాల్సిన భాగాన్ని వెల్డింగుతో బిగించేస్తే, ఆ స్టీరింగ్ కాలమ్ డ్రైవరు గుండెల మీదకొస్తుంది. ఫార్ములా స్టూడెంట్ పోటీకి కారు కట్టినవాళ్లకు తెలుసు, జిగురునే నమ్ముకున్న అతుకును అక్కడి తనిఖీలో ఒప్పుకోరు. రోడ్డు మీది బండికి అంతకన్నా తక్కువ చాలుతుందా?

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. మారిస్తే 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్‌టీఓ ఆఫీసులో ఎవరో తెలుసన్న భరోసా కోర్టులో పనికిరాదు.

మార్పులకు దారే లేదని కాదు. దివ్యాంగులు నడుపుకునేలా బండిని మార్చుకోవచ్చని, నిబంధనలు పాటించాలని అదే చట్టం 2019 సవరణలో చెప్పింది. మీ చేతులకు పని కావాలంటే మొదట అక్కడ వెతకండి.