శుక్రకణ రహస్యము: చాంగ్ పరిశోధనలు

సంతానము లేని ఇంట నిందనంతయు స్త్రీపై మోపుట లోకమున అనాదిగా నున్న అన్యాయము. దానిని ప్రశ్నించుటకు ఆధారమిచ్చిన శాస్త్రజ్ఞులలో మిన్ చుయే చాంగ్ ఒకరు.

1908లో చైనాలో జన్మించిన చాంగ్, కేంబ్రిడ్జిలో పొట్టేలు శుక్రకణములను పరిశీలించి 1941లో డాక్టరేటు పొందినారు. 1945లో అమెరికాలోని వూస్టర్ ప్రయోగాత్మక జీవశాస్త్ర సంస్థలో చేరినారు.

ఆనాడు శాస్త్రజ్ఞులకొక చిక్కు ఉండెను. అండమును, తాజా శుక్రకణములను గాజుపాత్రలో కలిపినను ఫలదీకరణము నిశ్చయముగా జరుగదు. లోపమెక్కడ? 1951లో చాంగ్ కుందేళ్లపై ప్రయోగములు చేసి కారణము చెప్పినారు. పురుషదేహమును వీడినంతనే శుక్రకణము సమర్థము కాదు. స్త్రీ గర్భమార్గమున కొన్ని గంటలు గడపిన పిమ్మటనే దానికి అండమును చొచ్చు శక్తి అబ్బును. ఆ యేడే ఆస్ట్రేలియాలో ఆస్టిన్ కూడ స్వతంత్రముగా ఈ సత్యమునే ప్రకటించినారు. అట్లబ్బిన శక్తి వీర్యద్రవము తగిలినచో మరల ఉడుగునని 1957లో చాంగ్ చూపినారు.

1959లో సమర్థమైన శుక్రకణములతో పాత్రలో ఫలదీకరించిన అండములను ఆడ కుందేళ్ల గర్భమున నిలుపగా, సజీవమైన పిల్లలు పుట్టినవి. 1978లో ఇంగ్లండున లూయీస్ బ్రౌన్ జననమునకు దారి చూపిన కృషిలో ఇదియు నొకటి. చాంగ్ 1991లో దివంగతులైనారు.

శ్రోతలారా! పురుషదేహమున పుట్టిన కణమునకు స్త్రీదేహము పరిపూర్తి నిచ్చును. ఇరువురి పాలు గల కార్యమున లోపమును ఒకరికే అంటగట్టుట తగదు. వైద్యుని కడకు దంపతులిరువురును కలసియే వెళ్లవలెను. పరీక్ష ఇరువురికిని జరుగవలెను.