కరెంటు పోటు – ఇంటి పరికరాల రక్షణ



వేసవి చివర్లో సాయంత్రం పూట ఆకాశం నల్లబడి, ఈదురుగాలి లేచి, నాలుగు ఉరుములు ఉరమగానే కరెంటు పోవడం మనందరికీ అనుభవమే. బళ్ళారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా, యానాం అయినా ఇందులో తేడా లేదు. వాన వెలిశాక కరెంటు వస్తుంది. ఒక్కొక్కసారి టీవీ మాత్రం రాదు. వాయిదాల మీద కొన్న ఫ్రిజ్జు, దుకాణంలో లెక్కలన్నీ దాచుకున్న కంప్యూటరు కూడా అలాగే మూగబోవచ్చు.

మన ఇళ్ళకు ఇచ్చే విద్యుత్తు 230 వోల్టులు. అది ఉన్నట్టుండి ఎగదన్నడాన్ని ఇంగ్లీషులో సర్జ్ అంటారు. మనం పోటు అందాం. ఇది ముఖ్యంగా మూడు విధాలుగా వస్తుంది. పిడుగు పడినప్పుడు వచ్చేది మొదటిది. పిడుగు మన ఇంటిమీదే పడనక్కర లేదు. తీగెలకు దగ్గరలో పడినా వేల వోల్టుల పోటు క్షణంలో ఎన్నో వంతు కాలంలో ఇంట్లోకి దూసుకొస్తుంది. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు, పెద్ద మోటార్లు ఆగినప్పుడు వచ్చేది రెండవది. మూడవది వీధి లైనులో న్యూట్రల్ తీగె తెగడం. అప్పుడు కొన్ని ఇళ్ళకు 400 వోల్టుల దాకా రావచ్చు.

"మా ఇంట్లో స్టెబిలైజర్ ఉంది, మాకేం భయం" అంటారు కొందరు. స్టెబిలైజర్ మెల్లగా వచ్చే హెచ్చుతగ్గులను సరిదిద్దుతుంది. అది మేలుకొనేలోపే పిడుగు పోటు తన పని ముగించుకొని పోతుంది. ఆ పని సర్జ్ ప్రొటెక్టరుది. చెరువుకు అలుగు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. వోల్టేజి హద్దు దాటగానే ఎక్కువైన కరెంటును పక్కకు మళ్ళిస్తుంది. అయితే అలుగు దూకిన నీటికి కాలువ ఉండాలి కదా! ఆ కాలువే ఎర్తు. ఎర్తు సరిగా లేని ఇంట్లో ఎంత ఖరీదైన ప్రొటెక్టరు పెట్టినా పిడుగు పోటు నుంచి పూర్తి రక్షణ దొరకదు.

అందుకే మొదట చూడవలసింది సాకెట్టులోని పై రంధ్రం. చాలా ఇళ్ళలో రంధ్రం ఉంటుంది గాని వెనక తీగె ఉండదు. మూడు కాళ్ళ ప్లగ్గును రెండు కాళ్ళ సాకెట్టులో ఇరికించడం కూడా ఎర్తును తెంచడమే. ఇనుప గొట్టం, బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంట వేసవిలో ఎండిపోతుంది. అప్పుడప్పుడు నీళ్ళు పోయండి. ఎర్తును తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు పెట్టించి, దాని గుర్తుదీపం వెలుగుతున్నదో లేదో చూస్తూ ఉండండి. పోట్లు తగిలిన కొద్దీ అదీ అరిగిపోతుంది.

న్యూట్రల్ తెగినప్పుడు మాత్రం ఈ అలుగు నిలవదు. ఆ పోటు ఆగకుండా వస్తూనే ఉంటుంది కనుక ప్రొటెక్టరే కాలిపోవచ్చు. దీనికి వోల్టేజి హద్దు మీరగానే సరఫరాను తెంచే ఓవర్ వోల్టేజి కటాఫ్ వేరుగా కావాలి. ఒక ఇంట్లో దీపాలు మండిపోతున్నట్టు వెలిగి, పక్కింట్లో మసకబారితే అనుమానించండి. వెంటనే మెయిన్ ఆపి, కరెంటు ఆఫీసుకు ఫోను చేయండి. అక్కడివారు కన్నడిగులైనా, తమిళులైనా, ఒడియావారైనా "న్యూట్రల్ కట్" అన్న మాట అందరికీ అర్థమవుతుంది.

ఇక ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. మబ్బు పట్టగానే ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. స్విచ్‌లోని సన్నని ఎడాన్ని పిడుగు పోటు సులువుగా దాటగలదు. టీవీకి వచ్చే కేబులును, డిష్ తీగెను కూడా తీయండి. పిడుగులు నెత్తిమీదికి వచ్చాక మాత్రం వాటిని ముట్టుకోవద్దు. వస్తువు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఈ ఎర్తు పిడుగుల కాలానికే కాదు. ఫ్రిజ్జు తలుపు, ఇస్త్రీపెట్టె షాకు కొట్టకుండా ఇంట్లో పిల్లలను ఏడాది పొడవునా కాపాడేది కూడా అదే. తొలకరి రాకముందే దాన్ని చూపించుకోండి.