ఒక పాత బాకీ
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాల చరిత్రను నాకంటె ముందు పెద్దలు చెప్పారు. నేనొక పాత బాకీ తీర్చుకొనదలచాను.

1995లో తిరువళ్లూరు నుండి రోజూ రైలులో తిరుత్తణికి వచ్చి పాఠాలు చెప్పేదానను. ఒకనాడు ఒక బాలిక బంకమన్నుతో, అగ్గిపుల్లలతో మీథేన్ నమూనా చేసి తెచ్చింది. నడుమ కార్బన్, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు, అన్నీ ముగ్గు పరచినట్లు బల్లమీద చదునుగా ఉన్నాయి. కార్బన్ నాలుగు బంధాలు చతుర్ముఖి మూలల వైపు సాగుతాయని వాంట్ హాఫ్, లెబెల్ 1874లో వేర్వేరుగా చెప్పారు. మీథేన్‌లో బంధాల నడుమ కోణం 109.5 డిగ్రీలు. అది చెప్పి ఊరుకోక, "కార్బన్ ఎన్నటికీ ఇలా ఉండదు" అని అందరి ఎదుట నమూనాను పక్కకు నెట్టాను. ఆ పిల్ల మరి నమూనాలు చేయలేదు.

మీథేన్ వరకు నా మాట నిజమే. దానిని బలవంతంగా చదును చేస్తే, కార్బన్ వద్ద రెండు ఎలక్ట్రాన్లు తలానికి నిలువుగా, బంధాలకు అక్కరకు రాక ఉండిపోతాయి. నాలుగు బంధాలకు ఆరే మిగులుతాయి. అయితే ఆ జంటను పంచుకొని, కొరవడిన ఎలక్ట్రాన్లను అందించగల పొరుగువారు దొరికితే? ఈ ప్రశ్నను రోల్డ్ హాఫ్మన్, ఆయన సహచరులు 1970లోనే లెక్కలతో వేశారు. నేను "ఎన్నటికీ" అన్న నాటికి ఆ వ్యాసానికి పాతికేళ్లు!

1991లో ష్లేయర్, బోల్డిరెవ్ కార్బన్ చుట్టూ రెండు సిలికాన్లు, రెండు అల్యూమినియంలు పెట్టి, చదునైన గుచ్ఛాన్ని కంప్యూటరులోనే రూపొందించారు. 1999లో బోల్డిరెవ్, లై-షెంగ్ వాంగ్ బృందం ఒక కార్బన్, నాలుగు అల్యూమినియంలు గల ఋణ అయాన్‌ను ప్రయోగశాలలో పరిశీలించి, అది సమతలమని చూపింది. లెక్క ముందు, అణువు తరువాత!

ఈ విద్య మనకు దూరమైనదేమీ కాదు. ష్లేయర్ వద్ద చదివి, హాఫ్మన్ వద్ద పనిచేసిన జెమ్మిస్ గారు 1980 నుండి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆయన శిష్యులు నరహరి శాస్త్రి గారు, దేవ ప్రియకుమార్ గారితో కలిసి, సమతల కార్బన్ గల అణువుల రూపకల్పనపై 2004లో వ్యాసాలు ప్రకటించారు.

ఆనాటి బాలిక నేడు కుమార్తెతో ఈ సభలో రెండవ వరుసలో ఉన్నది. అమ్మా, విజ్ఞాన ప్రదర్శన గదిలో పదవ తరగతి పిల్లలు బంకమన్ను కార్బన్ చుట్టూ నాలుగు వెండికాగితపు ఉండలు పెట్టి, చదునైన నమూనా చేశారు. సభ ముగిశాక నీ కుమార్తెను తీసుకొని రా. నేనక్కడ ఉంటాను.