కోనేరు ఉంది, దించే మనిషి ఏడీ?
(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: యోహాను సువార్త 5:1–9)

ప్రియ శ్రోతలారా, మీలో కొందరు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు. మరికొందరు ఇక్కడున్న పిల్లల కోసం ఇండియాలో మోకరించి ప్రార్థించే తల్లిదండ్రులు. ఈ దినమున మీ అందరితో ఒక కష్టమైన సంగతి మాట్లాడాలి. దానిలో నా తప్పిదం కూడా ఉంది గనుక ముందుగా దానినే ఒప్పుకుంటాను.

న్యూజెర్సీలోని మా సంఘంలో ఒక తల్లి ఉన్నారు. పేరు చెప్పను. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను. భర్త ఈ దేశంలో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసి ప్రభువునందు నిద్రించారు. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళ్తే పగలంతా ఇంట్లో ఒక్కరే. క్రమంగా అన్నం మానేశారు, నిద్ర పోయింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, ఇంకా నేనెందుకు బ్రతికి ఉన్నానో తెలియడం లేదు" అన్నారు.

నేనేం చేశాను? తలమీద చేయి ఉంచి ప్రార్థించాను. కీర్తనలు చదువుకోమ్మా అన్నాను. కౌన్సెలర్ల ఫోన్ నంబర్లున్న పాత కాగితం ఒకటి కొడుకు చేతిలో పెట్టాను. బుధవారం ప్రార్థన కూడికలో అందరి ముందు ఆమె పేరు చదివి, మనోవేదనలో ఉన్నారని చెప్పాను. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. ఆ కాగితం మడతపెట్టి ఆమె బైబిలులో ఉంది. కొడుకు మధ్యాహ్న భోజన విరామంలో వరుసగా ఫోన్ చేశాడట. ఒక నంబరు పనిచేయడం లేదు. ఒకరు కొత్తవారిని తీసుకోవడం లేదన్నారు. మరొకరు మెడికేర్ తీసుకోము, రొక్కం కట్టాలి అన్నారు. ఇంకొక చోట సందేశం పెడితే జవాబు లేదు. ఆ తల్లి నాతో అన్నారు: "నాకోసం ఇంత పెద్ద దేశంలో ఎవరూ లేరంట అయ్యగారూ." ప్రార్థన కూడిక తర్వాత నలుగురూ ఏమనుకుంటున్నారో అని గుడికి రావడం కూడా మానేశారని అప్పుడే తెలిసింది.

ప్రియులారా, ఆ రాత్రి నాకు బేతెస్ద కోనేరు జ్ఞాపకమొచ్చింది. ఐదు మంటపములు, వాటి నిండా రోగులు. వారిలో ఒకడు ముప్పది ఎనిమిదేళ్ళనుండి వ్యాధితో పడియున్నవాడు. స్వస్థపడ కోరుచున్నావా అని ప్రభువు అడిగితే, అతడు ఔననలేదు, కాదనలేదు. తనను నీళ్ళలోనికి దించే మనిషి లేడని చెప్పుకున్నాడు. గమనించండి, కోనేరు లేదని అతడు అనలేదు. కోనేరు కళ్ళెదుటే ఉంది. మనిషే లేడు. నేను ఆ తల్లికి కోనేటి అడ్రసు ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయినవాణ్ణి.

మరుసటి మంగళవారం, నర్సుగా పనిచేసే మా సంఘ సహోదరి ఒకామె, నేను ఆ తల్లి ప్రక్కన కూర్చున్నాము. సహోదరి మొదట ఫోన్ ముట్టుకోలేదు. "ఆంటీ, చనిపోవాలని అనిపిస్తోందా?" అని మెల్లగా, నేరుగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. మోస్తున్న బరువు దించుకోవడానికి తలుపు తెరుచుకుంటుంది. ఆ ప్రశ్నకు ఔను అనే జవాబు వస్తే ఆలస్యం చేయకూడదు. అమెరికాలో 2022 జూలై నుండి 988 అనే మూడంకెల నంబరు రాత్రింబగళ్ళు పనిచేస్తోంది. ప్రాణాపాయమైతే 911. ఇండియాలో వింటున్నవారికి టెలి మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

తరువాత మేము ఫోన్ పట్టుకుని నేర్చుకున్న సంగతులు మీకు చెబుతాను. దయచేసి కాగితం, కలం తీసుకోండి.

మొదటిది, ఎవరిని వెదకాలి? సోషల్ వర్కర్ అనగానే మనవాళ్ళు పిల్లల్ని తీసుకుపోయే ఆఫీసరు అని భయపడతారు. క్లినికల్ సోషల్ వర్కర్ వేరు. సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ చదివి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసి, రాష్ట్ర లైసెన్సు పొందినవారు. కూర్చోబెట్టి, మాటల ద్వారా మనోవ్యాధికి చికిత్స చేస్తారు. మందులు రాయరు. మందుల సంగతి మీ ఫ్యామిలీ డాక్టరు దగ్గర మొదలుపెట్టవచ్చు. చెప్పుకున్న మాటలను రహస్యంగా ఉంచడం వారి చట్టబద్ధమైన బాధ్యత. ప్రాణాపాయం వంటి సందర్భాలే దానికి మినహాయింపు.

రెండవది, మీ చేతిలో ఉన్న కార్డు ఏది? ఎరుపు, తెలుపు, నీలం రంగుల కార్డు అసలైన మెడికేర్. మెడికేర్‌లో చేరిన ఏ క్లినికల్ సోషల్ వర్కర్ దగ్గరకైనా దానితో వెళ్ళవచ్చు. వారు మెడికేర్ నిర్ణయించిన రుసుముకన్న ఎక్కువ అడగకూడదు. ఏటా కట్టవలసిన మొదటి మొత్తం పోగా మీ వంతు నూటికి ఇరవై. ప్రైవేటు కంపెనీ పేరున్న మెడికేర్ అడ్వాంటేజ్ కార్డైతే సాధారణంగా ఆ కంపెనీ జాబితాలోనివారి దగ్గరకే వెళ్ళాలి. తక్కువ ఆదాయంవారి మెడికెయిడ్‌కు రాష్ట్రానికో పేరు. న్యూజెర్సీలో ఎన్‌జే ఫ్యామిలీకేర్, కాలిఫోర్నియాలో మెడి-కాల్. అది కూడా చాలా చోట్ల ఒక కంపెనీ ద్వారానే నడుస్తుంది. కార్డు వెనుకనున్న నంబరుకు ఫోన్ చేయండి.

మూడవది, ఎలా అడగాలి? ఇన్సూరెన్సు తీసుకుంటారా అని అడిగితే తీసుకుంటామంటారు. అది చాలదు. కార్డు మీద ఉన్న ప్లాన్ పేరు పూర్తిగా చదివి, "ఈ ప్లాన్‌తో ఇప్పుడు కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారా? మొదటి అపాయింట్‌మెంట్ ఏ తేదీన?" అని అడగండి. తేదీ దూరంగా ఉంటే, ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని పేరు రాయించండి. ఎవరితో మాట్లాడారో, ఏ రోజో రాసి పెట్టుకోండి.

నాలుగవది, ఎక్కడ వెదకాలి? 1-800-633-4227 మెడికేర్ వారి నంబరు. ప్రతి రాష్ట్రంలోను షిప్ అనే ఉచిత సలహా కార్యక్రమం ఉంది, మెడికేర్ చిక్కులు విప్పి చెబుతారు. ప్రభుత్వ సహాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు మెడికేర్, మెడికెయిడ్ రెండూ తీసుకుంటాయి. కట్టలేరని ఎవరినీ త్రోసివేయకూడదు, ఆదాయాన్నిబట్టి రుసుము తగ్గించాలి. చాలా సెంటర్లలో క్లినికల్ సోషల్ వర్కర్లు ఉంటారు. మెడికెయిడ్ కంపెనీ జాబితాలో మీకు సమయానికి చూడగలవారు ఒక్కరూ దొరకకపోతే, జాబితా బయటివారి దగ్గర చికిత్స ఏర్పాటు చేసి ఖర్చు భరించవలసిన బాధ్యత ఆ కంపెనీదే. ఆ సంగతి ఉత్తరం రాసి అడగండి.

ఐదవది, భాష. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. ఫోన్లోనైనా తెలుగు దుబాసీని అడగండి. కొడుకునో కోడలినో దుబాసీగా కూర్చోబెట్టకండి. కోడలి ముందు ఏ అత్తగారు మనసు విప్పుతుంది? కొడుకు ముందు ఏ తల్లి తన చావు కోరికను చెప్పుకుంటుంది?

ఇంత శ్రమ ఎందుకు పడాలి అని మీరు అడగవచ్చు. క్లినికల్ సోషల్ వర్కర్‌కు మెడికేర్ లెక్కకట్టే రుసుము డాక్టర్ల రుసుములో నూటికి డెబ్బై ఐదు. కాగితాల పని అదనం. అందుచేత చాలామంది రొక్కం కట్టేవారినే చూస్తున్నారు. జాబితాలు కూడా సరిగా ఉండవు. 2023లో అమెరికా సెనేటు ఫైనాన్స్ కమిటీ సిబ్బంది ఆరు రాష్ట్రాల్లో, అడ్వాంటేజ్ కంపెనీల జాబితాల్లోని 120 మానసిక చికిత్సకుల నంబర్లకు ఫోన్ చేస్తే, నూటికి పద్దెనిమిది సార్లే అపాయింట్‌మెంట్ దొరికింది. మరి నిద్రలేని ముసలి తల్లికి, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినామెకు ఎలా దొరుకుతుంది? నాలుగు ఫోన్లకే ఆగిపోయినవారు విశ్వాసం లేనివారు కారు, అలసినవారు.

కొందరంటారు, పాస్టరుగారూ, విశ్వాసికి ఇదంతా ఎందుకని. బదరీవృక్షము క్రింద ఏలీయా మరణం కోరుకున్నప్పుడు దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత రొట్టె, నీళ్ళు పంపించాడు. కాలు విరిగితే డాక్టరు దగ్గరకు, మనసు విరిగితే ఉపవాస కూడికకు మాత్రమే అనే తేడా మనం పెట్టుకున్నదే. చట్టం కూడా ఒకప్పుడు ఆ తేడా పెట్టింది. మెడికేర్‌లో ఇతర జబ్బులకు రోగి వంతు నూటికి ఇరవై అయితే, మనోవ్యాధి చికిత్సకు నూటికి యాభై. 2008లో చేసిన చట్టం దాన్ని మెట్టుమెట్టుగా తగ్గించి 2014 నాటికి రెండూ సమానం చేసింది. చట్టం దిద్దుకున్నదాన్ని సంఘం దిద్దుకోవద్దా?

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. మేము పదిహేడు ఫోన్లు చేశాము. పదిహేడవ ఫోను నలభై నిమిషాల దూరంలోని ఒక హెల్త్ సెంటరుకు. ఐదు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. రద్దు జాబితాలో పేరు రాయించాము గనుక మూడో వారంలోనే పిలిచారు. ఆ మధ్యలో ఫ్యామిలీ డాక్టరు చూశారు, సంఘ స్త్రీలు వంతులవారీగా ఆమెతో కలిసి భోజనం చేశారు. బుధవారం కూడికలో ఆమె పేరు చదివినందుకు నేను వెళ్ళి క్షమాపణ అడిగాను. ఇప్పుడు ఆమె సంపూర్ణంగా బాగైపోయారని చెప్పను. చెడ్డ రోజులు ఇంకా వస్తున్నాయి. కాని అన్నం తింటున్నారు, మూడో వరుసలో కూర్చుంటున్నారు. పోయిన నెల మరొక వృద్ధురాలికి ఫోన్ చేయవలసి వస్తే, ప్రక్కన కూర్చుని చేయి పట్టుకున్నది ఆమే.

ప్రియ సహోదరీ, సహోదరుడా, మీ సంఘంలో ఈ వారం ఎవరు గుడికి రాలేదు? వాళ్ళింటికి వెళ్ళండి. ప్రార్థన చేయండి. ఆ తర్వాత వెంటనే లేచి వెళ్ళిపోకండి. ఫోన్ తీసి, వారి కార్డు చదివి, మొదటి నంబరు మీరే నొక్కండి. పదిహేడవ నంబరు దాకా అక్కడే కూర్చోండి.

ఒంటరిగా పడియున్నవారి ప్రక్కన కూర్చునే కృప దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.