సంఘమునకు పేరు: రిజిస్ట్రేషను ఆవశ్యకత

సంస్కృతము చెప్పి జీవనము గడపిన మమ్ము సహకారసంఘముల రిజిస్ట్రేషనునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మొదట నవ్వు వచ్చినది. పిమ్మట సిగ్గు వచ్చినది. కారణము చెప్పెదము.

ముప్పదియేండ్లకు పూర్వము మా గ్రామమున పదునాలుగు మగ్గములవారు షావుకారుయొద్ద నూలు అరువు తెచ్చుకొనుట మాని, సొమ్ము కూడబెట్టి, నూలును రంగులను తామే కొనసాగిరి. లెక్క వ్రాయుపని మాది. రిజిస్టరు చేయింతమని యొక యువకుడు పలికినప్పుడు, “మనలో మనకు కాగితమేల?” అన్నవారిలో మేమును ఒకరము. సరకంతయు ఒక పెద్దమనుష్యుని యింట నుండెను. రశీదులన్నియు ఆయన పేరనే. ఆయన హఠాత్తుగా గతించెను. కుమారులు చెడ్డవారు కారు. కాని తండ్రికి అప్పిచ్చినవారు వచ్చి నూలుగది ముందు కూర్చుండిరి. మేము లెక్కపుస్తకము చూపితిమి. “ఈ సంఘ మెవరు? ఎక్కడ నుండును?” అని వారడిగిరి. మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆ సంక్రాంతికి తొమ్మిది మగ్గములమీద మరల షావుకారు పడుగే యుండెను.

ఆ ప్రశ్నకు 1964 సంవత్సరపు సహకారసంఘముల చట్టము ఉత్తరము చెప్పుచున్నది. రిజిస్టరైన సంఘము చట్టదృష్టిలో ఒక వ్యక్తి. అది తన పేర ఆస్తి కొనును, ఒడంబడిక వ్రాసికొనును, దావా వేయును, తనపై వేసిన దావాకు జవాబిచ్చును. దానికొక ముద్ర కలదు. సభ్యుడు గతించినను సంఘము గతింపదు.

ఈ భావము మన నేతవారికి క్రొత్తది కాదు. లాటదేశమునుండి దశపురమునకు, అనగా నేటి మందసోరునకు, వలసపోయిన పట్టునేతవారి శ్రేణి క్రీ.శ. 437 ప్రాంతమున సూర్యదేవాలయము కట్టించెను. 473 ప్రాంతమున దానిని బాగుచేయించినదియు ఆ శ్రేణియే యని శాసనము చెప్పుచున్నది. నడుమ ముప్పదియాఱేండ్లు! కట్టించినవారిలో ఎందఱు మిగిలిరో కాని, శ్రేణి మిగిలినది. యాజ్ఞవల్క్యస్మృతియు శ్రేణుల కట్టుబాట్లను రాజు కాపాడవలెనన్నది. ఈ పాఠము మేము పిల్లలకు చెప్పినదే. నూలుగది యొద్ద అక్కఱకు రాలేదు.

మన కన్నులయెదుటి యుదాహరణము పోచంపల్లి. “పోచంపల్లి ఇక్కత్” అను పేరు 2004-05లో భౌగోళిక సూచికగా రిజిస్టరైనది. ఆ పేరునకు హక్కుదారులలో అచ్చటి చేనేత సహకారసంఘ మొకటి. ఏ యింటి పెద్ద మరణించినను ఆ హక్కు పంపకములోనికి రాదు.

రిజిస్ట్రేషను చీరె నమ్మిపెట్టదు. లెక్క చూపక, ఎన్నిక జరుపక, పలక మాత్రము వ్రేలాడు సంఘములనుగూడ చూచితిమి. మఱియొకమాట, కొందఱికి రుచింపకపోవచ్చును: కులసంఘము వేఱు, సహకారసంఘము వేఱు. మగ్గము నేయు ఇతరుడు వచ్చి చేరుదుననిన త్రోసిపుచ్చకుడు.

వేఱువేఱు కుటుంబములకు చెందిన పదిమందికి తగ్గకుండ సంతకములు, నియమావళి, రిజిస్ట్రారునకు దరఖాస్తు: ముఖ్యముగా కావలసినవి యివి. నియమావళిలో సభ్యుడు గతించినచో అతని వాటా ఎవరికి చెందవలెనో తప్పక వ్రాయింపుడు. భోజనానంతరము మేము ఈ మంటపమునకు ఎడమవైపు కూర్చుండెదము. పదిమంది పేర్లతో వచ్చినవారికి దరఖాస్తు చిత్తు వ్రాసి యిచ్చెదము.